సీతామహల్ మ్యాట్నీలో కత్తులు

మాచర్ల,
19-4-2025, శనివారం.

ఒరేయ్ ప్రవీణ్,

ఆశీస్సులు చివర్లో రాస్తాను. ఇప్పుడు ఆ ఓపిక లేదు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటావా? ఫోన్లో నువ్వు "ఆఁ అక్కా, మీటింగ్‌లో ఉన్నా అక్కా" అంటావు. కాగితం మీద ఆఁ అనడం కుదరదు. నువ్వూ కాగితం మీదే జవాబు రాయి. ఆర్టీసీ పార్సిల్లో వేస్తే మర్నాటికి చేరుతుంది. దీంతోపాటు గోంగూర పచ్చడి సీసా ఒకటి పంపుతున్నాను. నీ మీద కోపం రాకముందు పట్టింది కాబట్టి బాగానే ఉంటుంది.

మీ బావ అన్నగారు బ్రహ్మయ్యగారు సీతామహల్ మూసేసి మిర్చి వ్యాపారికి గోడౌన్‌గా ఇస్తానంటున్నారని నీకు తెలుసు. హాలు ఆయన పేరు మీద ఉంది. పదేళ్ళుగా నడుపుతున్నది నేను. గట్టిగా అడిగితే ఆయన "తొలకరి దాకా చూస్తానమ్మా. శుక్రవారం హాలు సగమన్నా నిండిందా, నీ ఇష్టం. లేదంటే బస్తాలు నిండుతయ్" అన్నారు. పెద్ద హీరో సినిమా అయితే కుర్రాళ్ళు సాయంత్రం ఆటకి ఎలాగూ వస్తారు. ఆడవాళ్ళు హాలు గుమ్మం తొక్కి ఏళ్ళయింది. మిరపకోతలు అయిపోయాయి కాబట్టి వాళ్ళకి కాస్త తీరిక దొరికేది ఇప్పుడే. అందుకని శుక్రవారం మ్యాట్నీ ఆడవాళ్ళకీ పిల్లలకీ మాత్రమే అని పెట్టాను. మొదటి వారం అమ్మవారి సినిమా.

ఆటోలో మైకు పెట్టి అరిపిస్తే ఎవరూ రారు. కుంకుమ భరిణ పట్టుకుని ఇక్కడ నాలుగు వీధులు, వెల్దుర్తి వైపు మూడు ఊళ్ళు తిరిగాను. పెళ్ళికి పిలిచినట్టు గడపగడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచాను. "సినిమాకి బొట్టేందే కుసుమా?" అని నవ్వారు గానీ, బొట్టు పెట్టించుకున్నాక రాకపోతే బాగుండదు కదా. నూట ఇరవై ఆరు మంది వచ్చారు. హాలులో సగం కంటే ఎక్కువ.

అమ్మవారి సినిమా కాబట్టి అందరూ చెప్పులు బయటే విడిచారు. కొందరు కొబ్బరికాయలు, కర్పూరం తెచ్చుకున్నారు. లైట్లు ఆర్పాం. తెర మీదికి ముందు వచ్చింది అమ్మవారు కాదు, వేటకొడవలి!

నాలుగు ట్రైలర్లురా. మన ఆపరేటర్ మౌలాలీ భాయ్ లెక్క ప్రకారం పంతొమ్మిది తలలు లేచాయి. ఒకడి చెయ్యి తెగితే ఆ చేత్తోనే ఇంకొకణ్ణి కొట్టారు. హారతిపళ్ళెం పట్టుకుని లేచిన ముసలమ్మ ఎవరికి ఇవ్వాలో తెలియక అలాగే నిలబడిపోయింది. పిల్లలు ఒకటే ఏడుపు. తల్లులు వాళ్ళని ఎత్తుకుని బయటికి పరుగెత్తారు. ఆ తొక్కిసలాటలో ఎవరి చెప్పులు ఎవరు వేసుకున్నారో దేవుడికెరుక. పొద్దున్నుంచి మా ఇంటి ముందు చెప్పుల పంచాయితీ నడుస్తోంది.

ట్రైలర్లు తీసెయ్యమంటే మౌలాలీ భాయ్ "కుదరదమ్మా, ఇప్పుడు రీళ్ళు కాదుగా. అన్నీ కలిపి ఒక మూటలో దిగుతయ్. అయి ఆడితేనే సినిమా తాళం తెరుచుకుంటది. ఆ తాళం హైదరాబాద్‌లో ఉంది" అన్నాడు.

ఏ ఊరి హాలుకి ఏ ట్రైలర్ పంపాలో చూసే ఉద్యోగమే కదా నీది? చూడు మరి.

ఆశీస్సులు.
అక్క, కుసుమ


హైదరాబాద్,
22-4-2025.

అక్కకి నమస్కారాలు.

పచ్చడి అందింది. మా బాస్ సగం సీసా ఖాళీ చేసి, కళ్ళు తుడుచుకుంటూ "ఒరిజినల్ పల్నాడు!" అన్నాడు. నీకు థాంక్స్ చెప్పమన్నాడు.

నువ్వు రాసింది చదివి బాధపడ్డాను, కొంచెం నవ్వాను కూడా. ఇందులో మనుషుల తప్పేమీ లేదక్కా. ఏ హాలుకి ఏ ట్రైలర్ వెళ్ళాలో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. ప్రాంతం, ప్రేక్షకుల అభిరుచి, పాత రికార్డులు చూసి ఒక్కో హాలుని ఒక్కో కేటగిరీలో పెడుతుంది. మీ హాలు "మాస్, ఎక్స్‌ట్రా" కింద ఉంది. నేను "ఫ్యామిలీ"కి మార్చాను. ఈ శుక్రవారం నుంచి నీకు ఇబ్బంది ఉండదు.

అయినా మనవాళ్ళకి కత్తులు కొత్తేం కాదు కదక్కా, మరీ అంత భయపడ్డారా?

బావకి నమస్కారాలు చెప్పు.
ప్రవీణ్


మాచర్ల,
26-4-2025.

ప్రవీణ్,

మనవాళ్ళకి కత్తులు కొత్తేం కాదా? మన వంటింట్లో కూరగాయలు తరిగే కత్తిపీట తప్ప ఇంకేం చూశావురా నువ్వు? ఆ ముక్క ఇంకోసారి రాశావంటే ఉత్తరం చింపి వెనక్కి పంపిస్తాను.

నీ "ఫ్యామిలీ" ట్రైలర్ల సంగతి విను. మొదటిదాంట్లో పిల్లలు లేని భార్యాభర్తలు డాక్టర్ దగ్గరికి వెళ్తారు, ఆ డాక్టరు అడిగే ప్రశ్నలే కామెడీ. హాల్లో అత్తలూ కోడళ్ళూ పక్కపక్కనే కూర్చున్నారు. అందరూ ఒక్కసారిగా పైన తిరిగే ఫ్యాన్ల వంక చూశారు. రెండోదాంట్లో ఇరవయ్యో అంతస్తులో మొగుడూ పెళ్ళాం ఇంగ్లీషులో విడాకులు తీసుకున్నారు. "ఏందంట వాళ్ళ బాధ?" అని వెనకనుంచి ఒకామె అడిగింది. "కుక్క ఎవరి దగ్గర ఉండాలని" అని చదువుకున్న పిల్ల చెప్పింది. ఇంటర్వెల్ దాకా ఇదే చర్చ. సినిమా ఎవరూ చూడలేదు.

పైగా నువ్వు ఆటలన్నింటికీ కలిపి మార్చావు. సాయంత్రం మాస్ హీరో సినిమాకి కుర్రాళ్ళు కాగితాలు చింపి చేతుల్లో పట్టుకుని సిద్ధంగా కూర్చుంటే, తెర మీద ఒక ముసలాయన కిటికీలోంచి వాన చూస్తున్నాడు. రెండు నిమిషాలు! వాన ఆగలేదు, ఆయన కదల్లేదు. ఒకడు సీట్ల మధ్య తువ్వాలు పరుచుకుని పడుకున్నాడు. "అక్కా, ఆయన లేస్తే నన్ను లేపండి" అన్నాడు.

ఈసారి తొంభై నాలుగు మందే వచ్చారు. బ్రహ్మయ్య బావగారు గేటు దగ్గర నిలబడి చూసి వెళ్ళారు. సరిచెయ్యి.

కుసుమ


హైదరాబాద్,
29-4-2025.

అక్కకి,

ఈసారి "మిక్స్‌డ్" కింద పెట్టాను, అన్ని రకాలూ వస్తాయి. ఒక్కసారి మార్చడం తేలికే గానీ శాశ్వతంగా మార్చాలంటే కంప్యూటర్‌కి ఆధారం కావాలి. అందుకే ప్రేక్షకుల స్పందన ఫారం ఒకటి జతచేశాను. శుక్రవారం ట్రైలర్లప్పుడు హాల్లో ఏం జరిగిందో ఉన్నదున్నట్టు నింపి పంపు. ఒక్క అబద్ధం కూడా వద్దు.

ఒక మంచి వార్త. నన్ను కోస్తా మొత్తానికి హెడ్‌ని చేసే ఆలోచన ఉందట. జూన్‌లో తేలుతుంది. ఇంట్లో కొబ్బరికాయ కొట్టు.

నీ తమ్ముడు,
ప్రవీణ్


మాచర్ల,
3-5-2025.

ప్రవీణ్‌కి,

ఫారం నింపి పంపుతున్నాను. నిన్న దెయ్యం ట్రైలరొకటి, కత్తుల ట్రైలరొకటి వచ్చాయి. నువ్వు చెప్పినట్టే ఉన్నదున్నట్టు రాశాను. అరిచినవారు: అందరూ. సీట్లోంచి లేచి నిలబడినవారు: డెబ్బై మూడు. హాలు వదిలి మళ్ళీ లోపలికి వచ్చినవారు: ఇరవై. కన్నీళ్ళు పెట్టుకున్నవారు: పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు. కింద మౌలాలీ భాయ్ చేత సాక్షి సంతకం పెట్టించాను.

ఇంతకంటే ఆధారం ఏ కంప్యూటర్‌కి కావాలి?

కొబ్బరికాయ కొట్టాను. బాగానే పగిలింది.

అక్క


హైదరాబాద్,
6-5-2025.

అక్కా!

కంగ్రాట్స్! నువ్వు ఉత్తరాల్లో ఊరికే కోప్పడతావు గానీ ఫారం చూశాక అసలు సంగతి అర్థమైంది. సీతామహల్‌కి రాష్ట్రంలోనే ఫస్ట్ మార్కులు వచ్చాయి! హాలంతా అరిచారు, డెబ్బై మూడు మంది లేచి నిలబడ్డారు, ఇరవై మంది మళ్ళీ లోపలికొచ్చి చూశారు. బాస్ నా భుజం తట్టి "మీవాళ్ళ ఆవేశమే వేరయ్యా" అన్నాడు. ఈ శుక్రవారం నీకు స్పెషల్ ప్యాక్ దిగుతోంది, ఎనిమిది ట్రైలర్లు.

ఆడవాళ్ళే ఇంత ఊగిపోతే ఇంక మగవాళ్ళ సంగతేంటో!

హడావుడిలో,
ప్రవీణ్


మాచర్ల,
10-5-2025.

ప్రవీణ్,

నిన్న ఎనిమిది ట్రైలర్లూ దిగాయి. జరిగింది చెబుతాను, నవ్వకుండా చదువు.

వెల్దుర్తి వైపు నుంచి రంగనాయకమ్మగారని ఒకావిడ వస్తోంది. అరవై దాటాయి. ఇరవై ఏడేళ్ళ కిందట, నువ్వు పిల్లాడివి, వాళ్ళాయన పొలం నుంచి ట్రాక్టర్ మీద వస్తుంటే ఊరి గొడవల్లో దారి కాసి చంపేశారు. మొదటివారం నేను బొట్టు పెట్టబోతే ఆవిడ తల వెనక్కి తీసుకుని "నాకు పెట్టకూడదమ్మాయ్, నోటితో పిలువు చాలు" అంది. నాకు మనసొప్పలేదు. పెట్టాను. అన్నేళ్ళలో ఆవిడకి బొట్టు పెట్టి పిలిచింది నేనొక్కదాన్నేనట. అప్పటినుంచి ప్రతి శుక్రవారం అందరికంటే ముందు ఆవిడే వచ్చేది, ఉతికిన చీర కట్టుకుని.

నిన్న అయిదో ట్రైలర్లో మిరపతోట పక్కన మట్టిరోడ్డు. ట్రాక్టర్ మీద ఒక మనిషి. ముగ్గురు అడ్డం వచ్చారు. తర్వాతిది నేను రాయను. వెనక మ్యూజిక్కూ, తెర మీద పెద్ద అక్షరాలూ. "ఇది పల్నాటి పండగ" అని వేశారు.

ఆవిడ అరవలేదు. లేచి, సీటు చప్పుడు కాకుండా మడిచి, బయటికి నడిచింది. నేను వెంట పరుగెత్తాను. చెప్పులు వేసుకుంటూ "నువ్వు పిలిస్తే వచ్చానమ్మాయ్. ఇది చూపిద్దామనా పిలిచింది?" అంది. అంతే. ఆవిడ వెనకే హాలంతా లేచి వెళ్ళిపోయింది. వాళ్ళలో ఆవిడకి ఎదుటి పార్టీ ఇళ్ళ ఆడవాళ్ళు కూడా ఉన్నారు. ఒక్కరూ మిగల్లేదు. అసలు సినిమా ఖాళీ కుర్చీలకి ఆడింది.

నాకు తల కొట్టేసినట్టయింది. పిలిచి అవమానించినదాన్ని నేను. కంపెనీ ఎవరో, కంప్యూటర్ ఎవరో వాళ్ళకేం తెలుసు?

ఇవాళ బ్రహ్మయ్యగారు టేపు పట్టుకొచ్చి హాలు కొలిపించారు, ఎన్ని బస్తాలు పడతాయోనని.

మౌలాలీ భాయ్ ఒక మాటన్నాడు. "కంప్యూటర్‌కి పల్నాడంటే ఏందో ఎట్టా తెలుస్తదమ్మా? ఎవురో ఒకరు చెప్పుంటారు." ఆ చెప్పిందెవరో కనుక్కుని రాయి. నాకు పేరు కావాలి.

కుసుమ


హైదరాబాద్,
14-5-2025.

అక్కా,

పేరు రాస్తున్నాను. ప్రవీణ్ కుమార్.

ఇంటర్వ్యూలో మీదే ఊరంటే మాచర్ల అన్నాను. అప్పటిదాకా ఫోన్లు చూసుకుంటున్న నలుగురూ తలెత్తారు. "అయితే మీ ఇంట్లో బాంబులుండేవా?" అని ఒకాయన అడిగాడు. నా ముందు వచ్చిన ఇరవై మందికి నాకంటే మంచి మార్కులున్నాయి. నాకు మాత్రం మాచర్ల ఉంది. నోరు జారాను. నాన్న మంచం కింద వేటకొడవలి పెట్టుకుని పడుకునేవాడని చెప్పాను.

నాన్న! సూది గుచ్చుకుని జాకెట్టు గుడ్డ మీద రక్తం పడితే కళ్ళు తిరిగి పడిపోయే మనిషి! మంచం కింద ఉండేది కుట్టుమిషన్ నూనె డబ్బా.

వాళ్ళు కాఫీ తెప్పించారు. అదే రోజు ఉద్యోగం ఇచ్చి, పల్నాడు ఎక్స్‌పర్ట్ అని పేరు పెట్టారు. మొదటి నెలలో ఎనిమిది పేజీల రిపోర్టు రాశాను. "పల్నాటి ప్రేక్షకుడు రక్తం చూడనిదే సీట్లో కుదురుగా కూర్చోడు" అన్నది అందులో మొదటి వాక్యం. కంప్యూటర్ చదివింది అదే. నీ ఫారాన్ని కూడా దాని ప్రకారమే లెక్కేసుకుంది. నీ ఉత్తరాలన్నీ చదివి కూడా నేను ఫారాన్నే నమ్మాను, అది ఇంకా సిగ్గుచేటు.

ఇప్పుడు ఆ రిపోర్టు తప్పని చెబితే నా ప్రమోషన్ పోతుంది, ఉద్యోగమే పోవచ్చు. జూన్ దాకా ఓపిక పట్టు అక్కా. హెడ్ అయ్యాక నేనే అంతా మార్చేస్తాను. నీ కాళ్ళు పట్టుకుంటాను.

ప్రవీణ్


మాచర్ల,
17-5-2025.

ప్రవీణ్,

నా కాళ్ళు నాకు కావాలి, వదులు.

నిన్న మ్యాట్నీకి పదకొండు మంది వచ్చారు. ట్రైలర్లు నడిచినంతసేపూ సౌండు తీసేసి, ఎర్ర కర్టెన్ మూసి ఉంచాను. చాటుగా కత్తులు ఆడుతుంటే మేం కర్టెన్ చూస్తూ కూర్చున్నాం. నీ జూన్ వచ్చేసరికి ఇక్కడ కుర్చీల బదులు బస్తాలుంటాయి.

హాలు సంగతి తర్వాత. ముందు ఇంకోటి ఉంది. పిలిచింది నేను, తప్పు నీది. మీ ఆఫీసులో నిజం చెప్పు. తర్వాత ఇక్కడికి రా. నేను బొట్టు పెట్టిన ప్రతి గడపకీ వెళ్ళి, నువ్వెవరివో, ఏం రాశావో నీ నోటితో చెప్పు. నేను పక్కన నిలబడతాను గానీ నీ బదులు మాట్లాడను.

నాన్న పరువు అమ్ముకుని కాఫీ తాగావు. ఏడుపొచ్చింది నాకు. ఇప్పుడు కూడా వస్తోంది.

అక్క


హైదరాబాద్,
23-5-2025.

అక్కకి నమస్కారాలు.

చెప్పేశాను.

బాస్ అంతా విన్నాడు. కోప్పడలేదు, అనుమానపడ్డాడు. "నువ్వసలు పల్నాడువాడివేనా?" అన్నాడు. ఆధార్ కార్డు చూపించాను. "మరి పల్నాడువాళ్ళకి ఏం నచ్చుతుంది?" అన్నాడు. "అందరికీ నచ్చేదే సార్. బాగుంటే చూస్తారు, బాగోకపోతే లేచిపోతారు" అన్నాను. "అది డేటా కాదయ్యా" అన్నాడు.

ప్రమోషన్ పోయింది. నన్ను పోస్టర్లు ప్యాక్ చేసి పంపే విభాగంలో వేశారు. నా కుర్చీలోకి విశాఖపట్నం కుర్రాడు వచ్చాడు. అతను పల్నాడు ఎప్పుడూ చూడలేదు గానీ, పల్నాడు మీద వచ్చిన సినిమాలన్నీ చూశాడట. బాస్‌కి చాలా నచ్చాడు.

కుర్చీ అప్పగించేముందు ఒక్క పని చేశాను. సీతామహల్‌ని ఏ కేటగిరీలోనూ పెట్టకుండా ఖాళీగా వదిలేశాను. ఖాళీగా ఉన్న హాలుకి ఏ ట్రైలరూ దిగదు, సినిమా ఒక్కటే దిగుతుంది. ఎవరైనా గమనించేదాకా అలాగే ఉంటుంది.

గురువారం పొద్దున బస్సుకి వస్తున్నాను. భయంగా ఉంది అక్కా, నిజంగా.

ప్రవీణ్


మాచర్ల,
31-5-2025.

చిరంజీవి ప్రవీణ్‌కి అక్క ఆశీస్సులు.

ఈసారి ముందే రాశాను, చూసుకో.

గురువారం నువ్వు ఎండలో ఇల్లిల్లూ తిరిగి చెబుతుంటే కొందరు తిట్టారు, కొందరు నవ్వారు, ఒకామె మజ్జిగ ఇచ్చి మరీ తిట్టింది. రంగనాయకమ్మగారు మాత్రం అంతా విని, నీకు మంచినీళ్ళిచ్చి లోపలికి వెళ్ళిపోయింది. ఆవిడ వస్తుందో రాదో తెలియకుండానే నువ్వు బస్సెక్కావు. అందుకే వెంటనే రాస్తున్నాను.

నిన్న రెండుంపావుకి హాల్లో నేనూ, మౌలాలీ భాయ్, గేటు దగ్గర బ్రహ్మయ్యగారూ. రెండున్నరకి జనం మొదలయ్యారు. ట్రైలర్లు లేవు కదా, లైట్లు ఆర్పగానే సినిమా. ట్రైలర్లు అయ్యాక మెల్లగా రావచ్చనుకున్నవాళ్ళు "ఏందే, అప్పుడే పెళ్ళయిపోయిందా!" అని నా మీద పడ్డారు. వాళ్ళకి మొదటి పది నిమిషాల కథ నేనే చెప్పాల్సి వచ్చింది. బ్రహ్మయ్యగారు తలుపు సందులోంచి వరసలు లెక్కపెట్టుకుని వచ్చి "సగం మీద ఒక వరస ఎక్కువే ఉందమ్మా. మిర్చికి వేరే షెడ్డు చూసుకోమని చెప్తా" అన్నారు. ఆ మాట నాతో అన్నాక కూడా టేపు జేబులోనే ఉంచుకున్నారు. ప్రతి శుక్రవారం లెక్కపెడతారట. పెట్టుకోనీ.

రంగనాయకమ్మగారు వచ్చింది. చివరి వరసలో, తలుపు పక్కన కూర్చుంది. ఇంటర్వెల్లో నన్ను పిలిచి "అమ్మాయ్, ఆ ట్రాక్టర్ సినిమా వచ్చిందా?" అని అడిగింది. వచ్చిందనీ, నేను వెయ్యలేదనీ, మౌలాలీ భాయ్ గురజాలలో చూశాడనీ చెప్పాను. భాయ్‌ని పిలిపించింది.

"ఆ చచ్చిపోయినాయన పెళ్ళాం ఏమైందయ్యా తర్వాత?"

మౌలాలీ భాయ్ తల దించుకుని "ఒక్కసారి ఏడుస్తదమ్మా. అంతే, మళ్ళా కనపడదు. మిగతాదంతా కొడుకు పెద్దోడై పగ తీర్చుకునేది" అన్నాడు.

ఆవిడ నెమ్మదిగా చెప్పింది. "నా కొడుక్కి కూడా అప్పుడు ఏడేళ్ళు. పెద్దయినాక వాడి చెవుల్లో చానామంది ఊదారు. నేను ట్రాక్టర్ అమ్మి వాణ్ణి ఐటీఐలో చేర్చా. ఇరవై ఏళ్ళు మంది చేలల్లో మిరపకాయలు కోశా. వాడిప్పుడు సాగర్‌లో కరెంటు పని చేస్తన్నాడు, ఇద్దరు పిల్లలు. ఎవుర్నీ నరకలా. అట్టాంటి సినిమా ఎవురన్నా తీస్తే దాని ట్రైలర్ ఎయ్యి అమ్మాయ్. కదలకుండా కూర్చుని చూస్తా."

పోస్టర్లు ప్యాక్ చేసేచోట ఈ మాట వినేవాళ్ళు ఎవరైనా ఉన్నారేమో నాకు తెలియదు. ఉంటే చెప్పు.

మీ అక్క,
కుసుమ